కలువ కన్నులకి కళ్ళజోడు

మా అన్నయ్యకి రెండు పనులు వచ్చు: కళ్ళజోళ్ళు చెయ్యడం, పద్యాలు చెప్పడం. మొదటిదానికి జనం డబ్బులిస్తారు. రెండోదానికి చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్ళిపోతారు. కొట్టు ముందు గదిలో కూర్చుని ఫ్రేములు చూపించడం నా పని. వెనక గదిలో అన్నయ్య అద్దాల అంచులు అరగదీస్తూ, పెదాలు కదుపుతూ గణాలు కూర్చుకుంటూ ఉంటాడు. మెషిన్ చప్పుడు ఉన్నట్టుండి ఆగిందంటే, ఏదో పాదం కుదిరిందని నాకు అర్థమైపోతుంది.

వదిన పోయి ఏడాది కావస్తోంది. పద్య మండలివాళ్ళు ఆ నెల సభలో ఆవిడ మీద పద్యం చదవమని అన్నయ్యని అడిగారు. వార్షిక సంచికలో మొదటి పేజీ దానికేనని ఆశ కూడా పెట్టారు. ఆ పేజీ కోసం అన్నయ్య ఎన్నేళ్ళుగానో కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూస్తున్నాడు. పద్యం రాసి, ఆదివారం భోజనాలయ్యాక నాకూ వాళ్ళమ్మాయికీ చదివి వినిపించాడు.

పద్యం నున్నగా ఉంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అందులో ఒక ఇల్లాలు కలువ కన్నులతో, హంస నడకతో, పెదవి దాటని మాటతో మెల్లగా వచ్చి మెల్లగా వెళ్ళిపోయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వదిన మేడ మీద నడిస్తే కింద వాటావాళ్ళు కప్పు వైపు చూసేవారు. ఆవిడ నోరు మంచిదే కాని, ఊరుకునే నోరు కాదు. ఇక కళ్ళంటారా, మైనస్ ఏడు. ఆ మందపాటి అద్దాలు అరగదీసి ఇచ్చింది సాక్షాత్తూ ఈ కవిగారే.

"ఎవరు నాన్నా ఈవిడ?" అంది మేనకోడలు.

"అదేంటమ్మా, అమ్మే కదా."

"కాదు. ఈవిడెవరో నాకు తెలీదు. నేను సభకి రాను."

కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచీ తండ్రీకూతుళ్ళ మధ్య ఆవిడ ఊసే లేదు. ఈ పద్యంతోనైనా పిల్ల నోరు విప్పుతుందని అన్నయ్య ఆశపడ్డాడు. విప్పింది, ఇలా విప్పింది.

మర్నాడు కొట్టులో నేను ఊరుకోలేదు. "కళ్ళజోడు అమ్ముకుని బతికేవాడివి, పెళ్ళాం మొహం మీద కళ్ళజోడు కనపడలేదా నీకు?"

"పద్యంలో కళ్ళజోడు పెట్టుకున్న ఇల్లాలు ఎక్కడైనా ఉందటే?"

"పద్యంలో సంగతి నాకు తెలీదు. మనింట్లో ఉండేది."

అన్నయ్య చేతిలో ఉన్న అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. నాకు జాలేసింది, కాని అంతకంటే కోపంగా ఉంది. వదిన ఒకసారి పోయింది చాలదా? ఇప్పుడు పద్యంలోంచి కూడా పంపించెయ్యాలా? "ఆ గణాలే నీకు అడ్డం. వాటిని పక్కన పెట్టి, మామూలు మాటల్లో రాయి" అన్నాను. తల ఊపాడు.

ఆ వారమంతా వెనక గదిలో మెషిన్ ఆగనూ లేదు, సరిగ్గా తిరగనూ లేదు. ఒకాయన కళ్ళజోడుకి అన్నయ్య అద్దాలు తిరగేసి బిగించి, ఆయన చేత మాట కూడా పడ్డాడు. చివరికి ఒక సాయంత్రం షట్టర్ దించుతుంటే అన్నాడు:

"నా వల్ల కావడం లేదే. గణాలు లేకపోతే ఎక్కడ ఆగాలో తెలీడం లేదు. రాస్తూ పోతున్నాను, ఏడుస్తూ పోతున్నాను. పాదం ఉంటే కనీసం దాని చివర ఊపిరి తీసుకుంటాను."

"అయితే మళ్ళీ కలువలేనా?"

"కాదు. కలువలు పెట్టమని ఏ గణమూ నన్ను అడగలేదు. చేతికందాయి, పెట్టేశాను. తప్పు నాదే."

ఆ మాటకి నా కోపం సగం దిగిపోయింది.

సభ రోజున మేనకోడల్ని బతిమాలి బయల్దేరదీశాను. బాగోకపోతే మధ్యలోనే లేచి వచ్చేద్దామని ఒప్పందం. లైబ్రరీ పై అంతస్తులో చదువుకునే గది అది. బల్లలన్నీ గోడకి జరిపి కుర్చీలు వేశారు. పిల్ల తలుపు పక్క కుర్చీలో, సంచి ఒళ్ళో పెట్టుకుని, లేచిపోవడానికి సిద్ధంగా కూర్చుంది. అన్నయ్య కాగితం విప్పి నిలబడ్డాడు.

"కళ్ళజోడు తీసి కానదు గదిలోన
నెవరు వారటంచు నెదుట నిలువ,
దగ్గరైన పిదప తడిమి నా చెంపను
నువ్వటోయి యనుచు నవ్వు నామె."

ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో వదిన కళ్ళజోడు నర్సులు తీసేసి బల్ల మీద పెట్టేవారు. అన్నయ్య మంచం దాకా వెళ్ళి వంగేదాకా ఆవిడకి మనిషి తెలిసేవాడు కాదు. ఆ నవ్వు నేనూ చూశాను. నా కళ్ళు నిండిపోయాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, పద్యమంటే ప్రాణం పెట్టే మనిషి. "ఆటవెలది చక్కగా నడిచింది. ఎటొచ్చీ ఆ కళ్ళజోడూ, ఆ 'నువ్వటోయి'... స్మృతి పద్యానికి కాస్త గంభీరమైన మాట ఉండాలి కదా. ఇల్లాలు మగడిని అలా అనడం చదివేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ రెండూ మార్చి ఇవ్వండి, మొదటి పేజీలో వేద్దాం."

అన్నయ్య కాగితం వైపు చూసుకున్నాడు. పేజీ కోసం ఒప్పేసుకుంటాడేమోనని భయపడ్డాను.

"మార్చడం పెద్ద పని కాదండీ, నిమిషంలో మార్చగలను. కాని ఆవిడ నన్ను అలాగే పిలిచేది" అన్నాడు నెమ్మదిగా. "సంచికలో వెయ్యకపోయినా ఫర్వాలేదు."

తలుపు పక్కన కుర్చీ చప్పుడైంది. పిల్ల లేచి నిలబడింది. వెళ్ళిపోతోందనుకుని నేనూ చెప్పులు వెతుక్కున్నాను.

"ఇంకోసారి చదువు నాన్నా" అంది.

అన్నయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. మూడో పాదం అయ్యాక ఆగిపోయాడు. నాలుగో పాదం పిల్లే చెప్పింది, అచ్చం వాళ్ళమ్మ అన్నట్టే.