తృప్తి లేని పేరంటాలు

నేను ఒక దెయ్యం నవలని. పేరు ‘పడమటి గది గజ్జెలు’. చెప్పుకోవడానికి నాకే రోతగా ఉంటుంది. అది నేను పెట్టుకున్న పేరు కాదు.

నన్ను రాసినవాడికి దెయ్యాలంటే నమ్మకం లేదు, భయం అంతకన్నా లేదు. బెజవాడలో ఒక లాడ్జి గదిలో బనీనుతో కూర్చుని, చుట్ట బూడిద కాగితాల మీద రాల్చుకుంటూ రాశాడు. పదహారేళ్ళ పిల్ల, అమ్మమ్మగారి బంగళా, తాళం వేసిన గది, లోపల గజ్జెల చప్పుడు, ఆఖరికి ఇంటి గుట్టు రట్టవడం. ఇంతే నేను. ఎదిగే పిల్లలకి ధైర్యం నేర్పడానికి రాశానని ముందుమాటలో చెప్పుకున్నాడు. వాడికి బల్లి అంటే భయం.

అట్ట మీద బొమ్మ వేసినవాడు నన్ను చదవలేదు. నా కథలో దెయ్యం పట్టులంగా కట్టుకుంటుంది. వాడు తెల్లచీర కట్టి, జుట్టు విరబోసి, నోట్లో కోరలు పెట్టాడు. ఎవరో అడిగితే, “దెయ్యమన్నాక తెల్లచీర కట్టకపోతే జనం గుర్తుపట్టరండీ” అన్నాడట. మనుషులకి ముందే ఒక బొమ్మ కావాలి. ఎదురుగా ఉన్నది ఆ బొమ్మలా లేకపోతే వాళ్ళకి కనపడదు.

మొదట నన్ను స్టేషన్లో కొన్నది ఒక కాలేజీ మాస్టారు. నాకు వేదాంతం పుస్తకం అట్ట తొడిగి, బండిలో అందరి ముందూ గంభీరంగా చదివాడు. ఇంటికెళ్ళాక మంచం కోడు కింద పెట్టాడు. ఆ నొక్కు ఇప్పటికీ ఉంది. తరవాత పాతపుస్తకాలవాడి గోనెసంచి. అక్కణ్ణించి నిడదవోలు, రైలు గేటు పక్కన భూలక్ష్మి అద్దె పుస్తకాల కొట్టు.

అద్దెకి తిరిగే పుస్తకం బతుకు ఎలాంటిదో మీకు తెలియదు. వేలు నాలిక్కి రాసుకోకుండా పేజీ తిప్పిన మనిషిని నేను చూడలేదు. ఒకడు మిరపకాయ బజ్జీ తింటూ చదివాడు. దెయ్యం మొదటిసారి కనపడే పేజీ అంతా నూనె. ఒకావిడ గుర్తు కోసం కరివేపాకు రెబ్బ పెట్టింది. పెద్దమనిషి ఒకాయన ముక్కుపొడి పీల్చి నా మీదే తుమ్మాడు. వీళ్ళందరికన్నా నీచుడు ఇంకొకడున్నాడు. నా మొదటి పేజీలో పెన్నుతో ‘హంతకుడు బాబాయే’ అని రాసి తిరిగిచ్చాడు. పోనీ అది చూసి జనం నన్ను మానేశారా? మానలేదు. బాబాయి సంగతి తెలిసి కూడా, ఎవరై ఉంటారా అని గుండెలు పట్టుకుని చదివారు.

చేతులు కడుక్కుని నన్ను ముట్టుకున్నది భూలక్ష్మి ఒక్కర్తే. మైదాపిండి జిగురు కాచి, నా వీపుకి గుడ్డ అంటించి, సూదీ దారంతో కుట్టింది. నలభై దాటని మనిషి. నుదుట కాసంత బొట్టు, మెడలో పసుపుతాడు. మొగుడెక్కడని ఊళ్ళో అడిగితే, “ఉన్నాడండీ” అనేది. అంతకుమించి ఒక్క ముక్క అనేది కాదు.

ఆమె సంగతి నాకెలా తెలిసిందంటే, ఆమె తమ్ముడు అప్పారావు మండపేట నుంచి వచ్చినప్పుడల్లా నేనున్న అర కిందే కూర్చుని గొడవపడేవాడు.

కోనసీమలో పెళ్ళయ్యింది. బిడ్డ పుట్టాక భూలక్ష్మికి మూర్ఛలు వచ్చాయి. మందు బిళ్ళలతో తగ్గే జబ్బు. అత్త వీరరాఘవమ్మ మాత్రం దెయ్యం పట్టిందంది. భూతవైద్యుణ్ణి పిలిపించింది. వేపమండలతో కొట్టించింది. దెయ్యం దిగడానికి నాలుక మీద కర్పూరం వెలిగించింది. మొగుడు వెంకన్నబాబు గుమ్మంలో నిలబడి చూశాడు. అప్పారావు వెళ్ళి అక్కని తెచ్చుకున్నాడు గానీ వాళ్ళు బిడ్డని ఇవ్వలేదు. ఆరు నెలలు తిరక్కుండా ‘కోడలు పుట్టింట్లో పోయింది’ అని అత్త ఊరంతా చెప్పి, కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేసింది. అడిగేవాళ్ళు లేనిచోటు కావాలని కాపురం నిడదవోలుకి మార్చింది. అది తెలిసి, కూతుర్ని కళ్ళతో అయినా చూసుకోవచ్చని భూలక్ష్మి అదే ఊళ్ళో కొట్టు పెట్టింది.

అంతటితో ఊరుకున్నా బాగుండును. మొగుడుండగా పసుపుకుంకాలతో పోయిన ఆడదాన్ని ఇంటి పేరంటాలంటారు. ఏడాదికోసారి ఆవిడకి కొత్తచీర పెట్టి, ఒక ముత్తైదువని పిలిచి, ఈవిడే ఆవిడనుకుని కాళ్ళకి పసుపు రాసి అన్నం పెడతారు. బతికున్న కోడలికి వీరరాఘవమ్మ ఆ పూజ మొదలుపెట్టింది. రెండో కోడలు నూకరత్నం పుస్తెల పక్కన సవతి బిళ్ళ కట్టించింది. చచ్చిన సవతి తన జోలికి రాకుండా కట్టుకునే బిళ్ళ అది. నూకరత్నం పాపం నిజమనుకుని, రోజూ దానికి కుంకం పెట్టుకునేది.

నా కథలో ఇంత నీచం లేదు. నన్ను రాసినవాడికి తట్టలేదు.

“చెప్పెయ్యొచ్చు గదక్కా! పిల్ల రోజూ నీ కొట్టుకే వస్తోంది” అనేవాడు అప్పారావు.

“ఏమని చెప్పనురా? ‘ఏడాదికోసారి నువ్వు దణ్ణం పెట్టే చీర నాదేనే’ అని చెప్పనా?”

“అవును, అదే చెప్పు.”

“అప్పుడు దెయ్యమన్నారు. ఇప్పుడు పిచ్చిదంటారు. దాన్ని కొట్టుకి రానివ్వరు. ఈ మాత్రం కూడా ఉండదు నాకు.”

ఈ మాత్రం అంటే భవాని. పదో తరగతి చదువుతున్న కూతురు. స్కూలు వదలగానే వచ్చి, బల్ల మీద మోచేతులు ఆనించి, “ఆంటీ, దెయ్యాలవి ఏమైనా కొత్తవి వచ్చాయా?” అనేది. దాని పిచ్చి అదే. ఏ ఇంట్లో ఏ గదికి తాళం ఉంది, ఏ అత్త ఎలా చచ్చింది, ఏ తాతకి ఏ పాపం తగిలింది. చదివి చదివి కళ్ళు ఇంతింత చేసుకునేది.

“మీకు భయం వెయ్యదా ఆంటీ, ఇన్ని దెయ్యాల మధ్య కూర్చోడానికి?”

“అలవాటైపోయిందమ్మా.”

“మా అమ్మ కూడా పేరంటాలేనండి. మా ఇంట్లోనే తిరుగుద్దంట. నాన్నమ్మ చెప్పింది. ఒక్కసారి కూడా కనపళ్ళేదు.”

భూలక్ష్మి అర వైపు తిరిగింది. నన్ను తీసి పిల్ల చేతిలో పెట్టింది. చెయ్యి తగిలితే చాలని ఆమె ఆశ. పిల్లేమో అట్ట మీద కోరలు చూస్తోంది. నాకు అసహ్యం వేసింది. ఎవరి మీదని అడక్కండి.

భవాని నన్ను ఇంటికి తీసుకెళ్ళిందో లేదో, మర్నాడే పేరంటాలి పూజ. బూరెలు వేగుతున్నాయి, పులిహోర కలుపుతున్నారు. ఇంతలో కబురొచ్చింది. ఏటా భోజనానికి వచ్చే ముత్తైదువ ఇంట్లో పురుడొచ్చిందట. పురిటి మైలలో రాకూడదు. వీరరాఘవమ్మ తల పట్టుకుంది.

“ఏమే భవానీ! ఆ పుస్తకం అవతల పారేసి, ఎవరైనా పసుపుకుంకాలున్నదాన్ని పట్టుకురావే! మధ్యాన్నం దాటితే పెట్టకూడదు.”

“లైబ్రరీ ఆంటీ ఉన్నారుగా నాన్నమ్మా. మెళ్ళో తాడుంది.”

“ఎవరో ఒకరు. తొందరగా తే.”

భవాని నన్ను చంకలో పెట్టుకునే పరిగెత్తింది. కొట్టు దగ్గర ఆయాసపడుతూ, “ఆంటీ, మా అమ్మకి బదులు మీరు భోజనానికి రావాలి” అంది.

భూలక్ష్మి చేతిలో జిగురు కుంచె కింద పడింది. రాననాలి. అనలేదు. చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, కొట్టు తలుపు దగ్గరకి వేసి పిల్ల వెనకే నడిచింది. మొగుడు బతికుండగా ఆమె ముత్తైదువే గదా. తన కర్మకి తనే భోక్తగా వెళ్ళడానికి ఏ శాస్త్రమూ అడ్డం రాలేదు.

నన్ను హాల్లో కుట్టుమిషను మీద పడేశారు. అక్కణ్ణించి అంతా కనపడింది.

పీట వేశారు. నూకరత్నం భూలక్ష్మి కాళ్ళకి పసుపు రాసి, కళ్ళకద్దుకుంది. వెంకన్నబాబు అరిటాకుల కట్ట పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. భూలక్ష్మి తలెత్తింది. అతను ఆకులు కింద పెట్టి, కాళ్ళు కడుక్కోవాలని పెరట్లోకి వెళ్ళాడు. కడుక్కునే వచ్చాడు అప్పటికే. మళ్ళీ లోపలికి రాలేదు.

వీరరాఘవమ్మ నేతిగిన్నెతో వచ్చింది. వంగి వడ్డించబోయి మొహం చూసింది. నెయ్యి అన్నంలో పడింది, ఆకులో పడింది, పీట మీద పడింది. నోరు మాత్రం తెరవలేదు. పక్కిళ్ళ ఆడవాళ్ళున్నారు. ఎలా తెరుస్తుంది? కొత్తచీర పెట్టింది. తాంబూలం ఇచ్చింది. అందరితోపాటు తనూ ఆ కాళ్ళకి మొక్కాల్సొచ్చింది. మొక్కింది. ఇంత అబద్ధాన్ని ఇంత పసుపు పూసి నిలబెట్టగలిగేది మనుషులే. పురుగులు చెయ్యవు.

ఇక ఒకటే మిగిలింది. భోజనమయ్యాక ఇంటికి పెద్దది ‘తృప్తా తల్లీ?’ అని అడగాలి. కూర్చున్నావిడ ‘తృప్తి’ అనాలి. అంటేనే పూజ ముగిసినట్టు. ఆ మాట ఎన్నడూ ఎవరూ వేరేగా అనలేదు.

“తృప్తా తల్లీ?” అంది వీరరాఘవమ్మ, గోడకేసి చూస్తూ.

“తృప్తి లేదత్తయ్యా” అంది భూలక్ష్మి.

హాల్లో ఆడవాళ్ళంతా తలలు తిప్పారు. పై మనిషెవరూ ఆవిణ్ణి అత్తయ్యా అనరు.

“నేను భూలక్ష్మిని. నేను చావలేదు. నా బిడ్డ కోసం వచ్చాను.”

నా గుండె ఉంటే ఆగేది. అంతా అయిపోయింది, గుట్టు రట్టయింది అనుకున్నాను. నా కథలో అయితే ఇక్కడ పిడుగు పడుతుంది. మనుషుల సంగతి నాకప్పటికీ తెలియలేదు.

పక్కింటావిడ పెద్దగా కేక పెట్టింది. “అమ్మో! పేరంటాలు వంటిమీదికొచ్చింది!”

అంతే. ఆడవాళ్ళంతా దభీమని నేల మీద పడి మొక్కారు. “చావలేదంట తల్లి! మన మధ్యనే ఉందంట!” అని ఒకావిడ ఏడుపు. “మా అబ్బాయికి ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పమ్మా” అని ఇంకొకావిడ కాళ్ళు పట్టుకుంది. 

“పూనకం కాదండీ, నేనే” అంటోంది భూలక్ష్మి. ఎంత గట్టిగా అంటే అంత గట్టిగా మొక్కుతున్నారు. అట్ట మీది బొమ్మలాంటి దెయ్యాన్ని నమ్ముతారు. నెయ్యన్నం కలుపుకుని తిన్న మనిషిని నమ్మరు. ఛీ.

వీరరాఘవమ్మకి ఊపిరొచ్చింది. “అవునే, తల్లే వచ్చింది! శాంతించు తల్లీ!” అంటూ హారతి పళ్ళెంలో కర్పూరం వెలిగించి ముందుకొచ్చింది. “నాలిక చాపు తల్లీ, చల్లబడి వెళ్ళిపో.”

మంట మొహం దాకా వచ్చింది. భూలక్ష్మి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గోడలోకి నక్కింది.

“మళ్ళీనా అత్తయ్యా?” అంది. అరవలేదు. చిన్నపిల్లలా అంది.

మొక్కేవాళ్ళు మొక్కుతూనే ఉన్నారు. ఆ మాట ఇద్దరికే వినపడింది. నూకరత్నం లేచి నుంచుంది. భవాని వెళ్ళి పళ్ళేనికి, ఆ మనిషికి మధ్యన నిలబడింది.

“నాన్నమ్మా, ‘మళ్ళీనా’ అంటదేంటి?”

“నువ్వు తప్పుకో. పూనకంలో ఏదో వాగుతుంది.”

“పూనకమొస్తే కర్పూరానికి భయపడరు. తింటారు. అమ్మవారి జాతరలో చూళ్ళేదా? ఈవిడ భయపడుతోంది. ఇంతకుముందు ఎవరు పెట్టారు?”

వీరరాఘవమ్మ మళ్ళీ గోడకేసి చూసింది. కర్పూరం పళ్ళెంలోనే కరిగి ఆరిపోయింది. నూకరత్నం మెళ్ళో బిళ్ళ పట్టుకుని లాగింది. పోగు తెగింది.

“బతికున్నదానికా అత్తయ్యా, ఇన్నేళ్ళు నాతో కుంకం పెట్టించావు?” అని బిళ్ళని ఆ నేతిమరకల పీట మీద పెట్టింది. విసిరెయ్యలేదు. విసిరేస్తే బాగుండేది. పెట్టింది.

నేల మీద మొక్కుతున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, చీరలు దులుపుకుని, తాంబూలాలు మాత్రం మర్చిపోకుండా పట్టుకుని వెళ్ళారు.

భూలక్ష్మి కూతురి వంక చూడలేకపోతోంది. “వెళ్తానమ్మా” అంది. లేవబోయింది.

భవాని ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఆ ఆకు కేసి చూసింది. పప్పు, సగం బూరె, నెయ్యి గడ్డకట్టిన అన్నం. ఆకు తనవైపు కొంచెం లాక్కుంది.

“ఆకలేస్తోంది. ముద్ద కలిపి పెట్టు” అంది.

అంతదాకా ‘మీరు, రండి, ఇవ్వండి’ అన్న పిల్ల. భూలక్ష్మి ఆకులో చెయ్యి పెట్టింది. ముద్ద కలిపింది.

నా చివరి పాతిక పేజీలు ఆ పిల్ల చదవలేదు. తీరిక లేకపోయింది. సాయంత్రం వీరరాఘవమ్మ కుట్టుమిషను మీద నన్ను చూసి, “ఈ ముదనష్టపు పుస్తకాలే కొంప ముంచాయి” అని గోడ మీంచి పారేసింది. ముంచింది తను కాదట, నేనట. చెత్త ఏరుకునేవాడు నన్ను పాత కాగితాల కొట్టుకి చేర్చాడు. ఇక్కడ నన్ను చింపి, శనగపప్పు పొట్లాలు కడుతున్నారు. నా మొదటి పేజీలు అయిపోయాయి. గజ్జెల చప్పుడు వినపడే చోటు వరకూ వచ్చారు.

పప్పు తినేసి, ఆ ముక్క చదివి, తరవాత దెయ్యం ఏమైందా అని ఎవరైనా తన్నుకులాడితే, చెప్పేవాళ్ళుండరు గనక నేనే చెబుతున్నాను. దెయ్యం లేదు. ఆ ఇంట్లో ఒక ఆడమనిషి కూతురికి అన్నం పెడుతోంది.