చిగురు తుంచిందెవరు?

నాలుగో చిగురు కూడా హతమైంది.

గడియారాలు బాగుచేసే ఆయన భార్య, పార్కులో ఆ మనిషెత్తు చెట్టు ముందు గుండె పట్టుకుని నిలబడిపోయింది. నిన్న సాయంత్రం కొమ్మ చివర గోరంత పచ్చదనాన్ని కళ్లారా చూసింది. తెల్లారేసరికి అక్కడ చిన్న గాటు మిగిలింది.

"ప్రకృతి ఇంకా ఒప్పుకోవడం లేదే," అని పక్కన భర్త నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో హుషారు కాస్త ఎక్కువైనట్టు ఆవిడకు తోచింది.

ఆకులు రాలే రోజుల్లో వాకింగుకొచ్చి, ఈ చెట్టు మీదే చెయ్యేసి ఒట్టు పెట్టాడాయన. "పట్టుకున్నది వదిలేయడమెలాగో ఇది నేర్పుతోందే. ఇది చిగురించిన రోజున తమ్ముడింటికి నేనే వెళ్లి మాట్లాడతా."

అన్నదమ్ములకు మాటల్లేక ఏడాది. "అన్నయ్యా, నీ గోడ గడియారం ఆరు నిమిషాలు వెనక," అని తమ్ముడు షాపులో నలుగురి ముందు అన్నాడు. అది నిజం కావడమే అసలు నేరం.

నాలుగో చిగురు పోయిన మధ్యాహ్నమే ఆవిడ మరిదిని చెట్టు దగ్గరికి లాక్కొచ్చింది. అతనిదీ గడియారాల పనే.

"మేకలంటావా?"

"మేకైతే చీరేస్తుంది వదినా. ఇది పట్టకారు పని. అదీ చెయ్యి తిరిగినవాడిది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే "నువ్వు పడుకో, నేనో రౌండు కొట్టొస్తా," అని భర్త బయల్దేరాడు. ఆవిడ అడ్డదారిన ముందే చేరి, మరిదితో కలిసి పొదల వెనక నక్కింది. ఆయన వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. షాపులో వాడే భూతద్దం కంటికి బిగించి, జేబులోంచి పట్టకారు తీసి, గాటు పక్కనే కొత్తగా పొడిచిన ఐదో చిగురు మీదికి వంగాడు.

"ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చావన్నయ్యా!"

భూతద్దం గడ్డిలో పడింది. పొదల్లోంచి లేచిన తమ్ముణ్ణీ, నడుం మీద చేతులేసుకున్న భార్యనీ చూసి ఆయన పట్టకారు దించేశాడు.

"నేనేరా. నాలుగూ నేనే తుంచా. ఆకులు రాలుతుంటే వేదాంతం బాగానే చెప్పా. చిగురు కనబడేసరికి మీ ఇంటివైపు అడుగు పడలేదు. నీ గుమ్మంలో నిలబడి ఏమనాలో తెలీక, ఇంకో రోజు, ఇంకో రోజు అని చలికాలాన్ని సాగదీశా. ఒకటి తుంచితే పక్కనే ఇంకోటి. దీని మొండితనం ముందు నాదెంత? ఇవాళ దీన్ని ముట్టుకోబుద్ధి కాలేదు, నమ్మితే నమ్ము. ఇంకోటి కూడా చెప్పేస్తా, మీ వదిన వింటే విననీ. ఆ గడియారం ఆరు కాదురా, ఏడు నిమిషాలు వెనక."