అధికారి గారు కొట్టేసిన మాట

ఆ ఆఫీసులో పొద్దున్నే అందరూ చేసే మొదటి పని బట్టల అంచులు మడిచి పిన్నీసులు పెట్టుకోవడం. అధికారి గారి ఎదుటికెళ్తే ఎవరైనా సరే జానెడు పొట్టివాళ్లయిపోతారు మరి. ఆయన గొంతు పెంచారా, మూరెడు. బయటికొచ్చాక మళ్లీ ఎదుగుతారనుకోండి. ముప్పై ఏళ్ల సర్వీసున్న పెద్ద గుమాస్తా మాత్రం పూర్తిగా ఎదగడం ఎప్పుడో మానేశాడు. దాన్ని గురించి ఎవరూ నోరెత్తరు. ఉద్యోగమన్నాక ఇవన్నీ మామూలే.

ఉత్తరాలు పంపే సెక్షన్‌లో ఆరేళ్లుగా టెంపరరీగా పనిచేస్తున్న అమ్మాయిని అందరూ టపా అంటారు. ఏటా వార్షికోత్సవానికి ఆఫీసు మీదే ఒక హాస్యనాటకం వేస్తారు. అందులో అధికారి వేషం టెంపరరీ వాళ్లకే అంటగడతారు. పర్మనెంటు వాళ్లకేం పట్టింది ఆ తలనొప్పి? పైగా నాటకం కాగితాలు ముందుగా అధికారి గారే చూసి, నచ్చనివి ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఈసారి కొట్టేసింది ఒకే ఒక్క మాట. గుమాస్తాని చివాట్లు పెట్టాక నాటకంలో అధికారి "కూర్చోండి" అంటాడు. దాని పక్కన "అసహజం" అని రాసి పంపారు.

"బుద్ధిగా చెయ్యమ్మా. నాటకం అవగానే నీ పర్మనెంటు ఆర్డరు స్టేజీ మీదే ఇస్తాను," అని అధికారి గారు టపాకి జేబు తట్టి మరీ చూపించారు. టపా జీతం మీదే తల్లీ, చదువుకుంటున్న చెల్లెలూ బతుకుతున్నారు. ఆమె సరేనండీ అంది. ఇంకేమంటుంది?

సాయంత్రం తెర లేచింది. టపా అధికారి కోటు తొడుక్కుని బల్ల వెనక నిలబడింది. ఎదురుగా గుమాస్తా వేషంలో పెద్ద గుమాస్తానే. ఆమె మొదటి చివాటు పెట్టగానే ఆయన జానెడు తగ్గాడు. హాలంతా నవ్వు. రెండోదానికి మూరెడు తగ్గాడు. ముందు వరుసలో అధికారి గారు తొడ చరుచుకుని నవ్వుతున్నారు. చేరిన కొత్తలో టపాకి చెయ్యి పట్టుకుని పని నేర్పిన మనిషి పెద్ద గుమాస్తా. ఇప్పుడు ఆమె మోకాలి దగ్గరికొచ్చేశాడు. తిట్లు ఇంకా రెండు పేజీలున్నాయి. అవన్నీ చదివితే ఈ మనిషి మిగులుతాడా?

ఫైలు అందుకుంటున్నట్టు వంగి, "బాబాయ్ గారూ, ఆపెయ్యనా?" అని గుసగుసగా అడిగింది.

"ఆపకమ్మాయ్. నీ కాగితం ముఖ్యం. నాకిది అలవాటే," అన్నాడాయన పీలగొంతుతో.

ఆ "అలవాటే" అన్న మాటకి ఆమెకి ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది కూడా. తన కుర్చీ లాక్కొచ్చి ఆయన ముందు వేసింది.

"కూర్చోండి," అంది.

"అది లేదు, అది కొట్టేశారు," అని తెరచాటు నుంచి ఎవరో గింజుకుంటున్నారు. ఆమె చెయ్యి అందిస్తే పెద్ద గుమాస్తా ఎలాగో కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. కాసేపటికి ఆయన పాదాలు నేలకి ఆనాయి. బట్టల అంచుకి పెట్టుకున్న పిన్నీసు ఊడి పడింది. తర్వాత ఒక్కొక్కరే ఎదుగుతుంటే హాల్లో వరుసగా పిన్నీసులు ఊడడం మొదలైంది.

అధికారి గారు లేచి స్టేజీ ఎక్కారు. తీరా చూస్తే ఆయన టపా భుజం దాకా ఉన్నారంతే. ఇన్నేళ్లూ ఆ సంగతి తెలిసే అవకాశం ఎవరికొచ్చింది గనక?

"నేను కొట్టేసిన మాట ఎవరనమన్నారు?"

టపా భయం ఎక్కడికీ పోలేదు. కానీ ఆమె ఎత్తు తగ్గలేదు.

"ఎవరూ అనమనలేదండీ. నేనే అన్నాను."

ఆయన తలెత్తి చూశారు. ఇన్నాళ్లూ ఆయన చూసింది ఆమె పాపిట మాత్రమే.

"నువ్వు ఎప్పుడు చేరావు? ఎప్పుడూ చూసినట్టే లేదే."

"ఆరేళ్లయిందండీ. రోజూ మీ ఎదుటే నిలబడుతున్నాను."

ఆయన జేబులోంచి కాగితం తీసి మడత విప్పారు. పెద్ద గుమాస్తా కుర్చీలోంచి సగం లేచాడు. చించేస్తారనే అందరూ అనుకున్నారు. టపాకి చెల్లెలు గుర్తొచ్చింది. కాగితం మీద సంతకం ఉంది, ముద్ర ఉంది, పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఆయన పెన్ను తీసి, మళ్లీ తలెత్తారు.

"మీ పేరు?" అని అడిగారు.

ఇంటిపేరుతో సహా, చివరి వరుసకి కూడా వినిపించేలా చెప్పింది.