గెట్టెక్కిన జొన్న

వేపపుల్ల నోట్లో పెట్టుకుని మారయ్య రోజూ పొద్దున్నే చెల్కకు పోతాడు. పోయి గెట్టు మీద నిలబడి తన చేను చూడడు, అవతల యాకూబ్ చేను చూస్తాడు. పుల్ల నమిలినంతసేపూ చూస్తాడు, పుల్ల పీచయిపోయినా చూస్తాడు.

కల్వకుర్తికి ఆరు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో రైతు చూపు ఎటుంటే పైరు అటే వంగుతుంది. మరీ ఎక్కువ చూస్తే వేళ్లతో సహా లేచి నడుస్తుంది. గెట్టు దాటిన పైరు ఎవరి చేలో నిలిస్తే వాళ్లదే, అది తాతలనాటి కట్టుబాటు. నిరుడు పెద్దులు అనే రైతు కంది బావమరిది చేలోకి పోతే బావమరిదే కోసుకున్నాడు. పెద్దులు కల్లు తాగి తిట్టాడే గాని పంచాయితీ పెట్టలేదు.

మారయ్యది కడుపుమంట. ఒకటే ఎర్రచెల్క, ఒకటే వాన, ఒకటే జొన్న విత్తనం. యాకూబ్‌కు ఎకరాకు ఆరు బస్తాలు, తనకు మూడు. ఎండాకాలమంతా కానుగ చెట్టు చాటున కూర్చుని కనిపెట్టాడు. యాకూబ్ కోతయ్యాక చేలో మిగిలిన జొన్న కొయ్యలు కాలబెట్టడు. వాటిని, చొప్ప ముక్కలను, కానుగాకును కలిపి దున్నేస్తాడు.

దొరికింది గుట్టు అనుకున్నాడు మారయ్య. యాకూబ్ ఒక బండి వేస్తే తాను నాలుగు బండ్లు వేశాడు. ఎద్దుల మేత చొప్ప కూడా మట్టిపాలు చేశాడు. ఇంత ఆకూ అలమూ ఉండగా యూరియా దండగని ఆ ఏడు బస్తా తేనే లేదు.

వానలు పడ్డాయి, జొన్న మొలిచింది. నెల తిరిగేసరికి పసుపు పూసుకున్నట్టయింది. అవతల యాకూబ్ చేను నల్లగా నిగనిగలాడుతోంది. మారయ్య చూపు ఇక అటునుంచి మరలలేదు. అతని జొన్న వంగింది, ఇంకా వంగింది, ఒకనాడు గెట్టెక్కింది.

పెళ్లాం గోపమ్మ చెంగు నడుముకు చెక్కి ఉరికొచ్చింది. "ఏందయ్యా, గిట్ల సూస్కుంట నిలబడ్తే రేపటికి మొత్తం ఆడికే పోతది. ఏడాదంత తిననీకి గటక దేంతోని వండాలె?"

మారయ్య గెట్టు దూకాడు. యాకూబ్ సాళ్ల నడుమ కలుపు పోయేలా గుంటుక తోలుతున్నాడు.

"నా చేనుకు ఏం మంత్రం పెట్టినవ్‌రా?"

"నేనేం పెట్టలే మారన్నా. చొప్ప ఏసినవ్ గదా, యూరియా ఏసినవా?"

"ఆకేసినంక యూరియా ఎందుకు?"

యాకూబ్ ఎద్దులను ఆపాడు. "ఎండు చొప్ప ఉత్తగ అరుగుతదా? దాన్ని కుళ్లబెట్టనీకి మట్టి పైరు నోటికాడి సత్తువ గుంజుకుంటది. జర యూరియా గూడ పడాలె. ఉత్త యూరియా ఏస్తివా, వాన ఎనక్కిపోతే పైరు మాడ్తది. రెండూ కలవాలె."

"మరి గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నువ్వెన్నడన్న అడిగినవా? రెండేండ్ల సంది సూసుడే సూస్తున్నవ్."

యాకూబ్ ఇంట్లో మిగిలిన అరబస్తా యూరియా తెచ్చిచ్చాడు. తీసుకున్నాడే గాని, వాడికి ఇచ్చేంత ఉన్నందుకు మారయ్యకు ఇంకా మండింది.

వాన పదును మీద మొగుడూ పెళ్లాం మూడు రోజులు నడుం వంచి, మొక్కమొక్కకూ బెత్తెడు దూరంలో చిటికెడు చిటికెడు పెట్టారు. నడుం వంచినవాడికి గెట్టవతల ఏం కనబడుతుంది? మారయ్య తన జొన్నను ఆకాకూ చూశాడు. మూడోనాటి సాయంత్రానికి గెట్టెక్కిన మొక్కలు దిగొచ్చి తమ సాళ్లలో నిలబడ్డాయి. గోపమ్మ వాటి మొదళ్లకు కాలితో మట్టి ఎగదోసింది. ఆ ఏడు గటకకు కొదవ రాలేదు.

మరుసటేడు మారయ్య మొదటినుంచే రెండూ కలిపాడు. యూరియా మాత్రం యాకూబ్‌లాగా చల్లలేదు, మొక్కమొక్కకే పెట్టాడు. భాద్రపదానికి కంకులు పిడికిళ్లంత అయ్యాయి. వాటిని చూసుకుంటూ సాళ్ల మధ్య తిరుగుతుంటే ఎవరో దగ్గినట్టయింది. గెట్టు మీద యాకూబ్, నోట్లో వేపపుల్ల.

"బాగుంది మారన్నా," అన్నాడు, నవ్వకుండా.

ఇన్నేళ్లకు మారయ్య కడుపు చల్లబడింది. "ఏమన్న అడుగుతవా తమ్మీ?" అన్నాడు తీయగా.

యాకూబ్ ఏమీ అడగలేదు, పుల్ల నములుతూ చూస్తూనే ఉన్నాడు. అతని వెనక జొన్న మొక్క ఒకటి మెల్లగా వేరెత్తి గెట్టు మీద పెట్టింది.