లేవి కుట్టిన కపిలబాన

మహానంది శవాన్ని బావిలోంచి తీసి గట్టున పడుకోబెట్టి గంట కూడా కాలేదు. జీపు దిగిన ఎస్సై సంచిలోంచి పంచనామా కాగితం తీశాడు. చేత్తో రాసింది కాదు, టైపు కొట్టింది. కోసిగి చుట్టుపక్కల టైపు మిషను మొగం చూసినవాడు లేడు. కొత్త రాష్ట్రపు కచేరీలున్న కర్నూలు గుడారాల్లో ఉంటుందని తోలుపని చేసే లేవి విన్నాడు. ఆ కర్నూలేమో అరవై మైళ్లు.

మహానంది ఎన్నికలకు నిలబడ్డాడు. బంజరు భూములు ఎవరెవరి పేర్లకెక్కాయో ఆదోని సభలో చదివి వినిపిస్తానన్నాడు. ఆ సభ రేపు.

"నిన్న పొద్దున కపిల తోలుతూ, కాలు జారి బావిలో పడి చనిపోయినాడు" అని ఎస్సై చదివాడు. "సాక్షులు వేలిముద్రలేయండి. లేవీ, నువ్వు రారా ముందు."

లేవికి ఒళ్లు మండింది. కపిల మోటకు ప్రాణం బాన. ఎద్దులు మోకు లాగితే నీళ్లు పైకి తెచ్చే తోలుసంచి అది. మహానంది బాన చినిగి మూడు రోజులుగా లేవి గుడిసెలోనే పడుంది. ఇంకా జానెడు కుట్టు మిగిలే ఉంది.

వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు.

"లేవిగానికి అప్పుడే తడిసినట్టుండాది" అని కరణం నవ్వాడు.

తిరిగొచ్చిన లేవి భుజం మీది బానను శవం పక్కన దభీమని పడేశాడు.

"మూన్నాళ్ల నుంచి ఇది నాకాడుండాది సామీ. మహానందప్ప చెంబుతో తోలినాడా కపిల?"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. మరుక్షణం నోరు మూసుకున్నారు.

కరణం లేవిని పక్కకు లాగాడు. "ఒరే, ఇది ఎస్సై పని కాదు, నా పనీ కాదు. పైనోళ్లది. రాజధాని మద్రాసు నుంచి కర్నూలుకొచ్చినా వాళ్లు మారలే. ఓట్లకు నిలబడరు, మొగం సూపరు. నీకెందుకురా?"

"మొగం లేనోనికి నా వేలెందుకు సామీ?"

"ముద్రేస్తావా, జీపెక్కుతావా?" ఎస్సై లాఠీతో బానను పొడిచాడు. "కర్నూలుకు పోయినోళ్లందరూ తిరిగి రారు."

శవం కాళ్ల దగ్గర కూర్చున్న నాగక్క తలెత్తింది. "నీకు బిడ్డలుండారప్పా. ఏసెయ్. నా మొగుడెట్లాగూ లేసి రాడు."

"నేనేస్తే ఆయప్పను మళ్లా బావిలోకి తోసినట్టేనమ్మా."

లేవి బానను ఎత్తి ఆమె ఒళ్లో పెట్టాడు. "నీ సొత్తు. అడిగినోళ్లకంతా సూపియ్యి. కుట్టు యాడికి నిలిచిపోయిందో గూడా సూపియ్యి."

కానిస్టేబులు చెయ్యి వేసేలోపే తనే పోయి జీపెక్కి కూర్చున్నాడు.

"పదండి సామీ. పీనుగ గట్టుకెక్కకముందే కాగితం కొట్టిన మగోడెవడో నాకూ సూడాలనుండాది."