వణికే చేతికి అతుకు

మావారికి రెండు పిచ్చులుండేవి. ఒకటి హామ్ రేడియో. అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో గాలిలో కబుర్లాడటం. అదీ నోటితో కాదు. మోర్స్ మీట మీద వేలితో టకటకా చుక్కలూ గీతలూ కొట్టడం. రెండో పిచ్చి, ప్రోగ్రాములు రాసి ఊరికే పంచిపెట్టడం. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఈ రెండు పిచ్చులూ కలిసి ఒక బిడ్డని కన్నాయి. రేడియోలో వచ్చే చుక్కల్నీ గీతల్నీ విని, తెర మీద అక్షరాలుగా వేసే ప్రోగ్రాం అది. దాన్ని పదహారేళ్ళు పెంచారాయన. మా అమ్మాయి ఏ తరగతి అని ఎవరైనా అడిగితే నా వైపు చూసేవారు గాని, దానికి ఎన్నో వెర్షన్ నడుస్తోందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

పెళ్ళయిన కొత్తలో నాకూ మోర్స్ నేర్పుతానన్నారు. "ఇద్దరం తెలుగులో మాట్లాడుకుంటేనే ఒకరిది ఒకరికి అర్థం కావడం లేదు, మళ్ళీ ఇదొకటా" అన్నాను. నవ్వి ఊరుకున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ టకటకల మధ్యే కూరగాయలు తరిగాను, ఒక్క అక్షరం నేర్చుకోలేదు. నేర్చుకోకుండా జాగ్రత్తపడ్డానంటే ఇంకా నిజం. డాబా మీద ఆయన కట్టిన యాంటెన్నా తీగ మీద బట్టలారేసేదాన్ని. ఓసారి తడి దుప్పటి వేస్తే, ఆ సాయంత్రం ఎక్కడో సముద్రాల అవతల ఒకాయనకి మావారి సిగ్నల్ సన్నగిల్లిందట. అంతదూరం మా దుప్పటి వెళ్ళినందుకు నాకు గర్వంగానే అనిపించింది.

రేడియోలో వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ముందు "వినిపిస్తోందా" అని అడుగుతారు. అవతలివాడు వినిపిస్తోందని జవాబిస్తేనే అసలు సంగతి. మావారు ఈ పద్ధతిని మామూలు ఫోనులోకి కూడా తెచ్చారు. ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే మొదటి మాట "వినిపిస్తోందా". నేను ఊఁ అనేదాకా రెండో మాట ఉండదు. ఓసారి ఎంతసేపు ఆగుతారో చూద్దామని పలక్కుండా కూర్చున్నాను. ఆయన ఫోన్ పెట్టేసి, పని వదిలేసి, ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "రేపు నీళ్ళు రావట. పట్టి పెట్టుకో" అని చెప్పి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిపోయారు.

అలాంటి మనిషి పోయిన ఏడు వానలు మొదలైన వారంలో అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూలబడిపోయారు. సగం మొహం నున్నగా, సగం నురగతో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కుడి పక్కంతా పడిపోయింది, నోరు పోయింది. "మాటలన్నీ లోపల ఉన్నాయమ్మా, ఏవీ ఎక్కడికీ పోలేదు. బయటికి తెచ్చే దారే మూసుకుపోయింది" అన్నాడు డాక్టరు. అక్షరాలు రాసిన అట్ట ఒకటి ఇచ్చారు, వేలితో చూపించమని. ఎడమచేతి వేలు వణుకుతూ ఒక అక్షరం కోసం బయలుదేరి మూడు అక్షరాల మీద పడేది. రెండో రోజు ఆయనే ఆ అట్టని మంచం కిందికి తోసేశారు.

ఇంటికి తీసుకొచ్చిన నాలుగో రోజు, ఆ ఎడమచేతి వేలే మంచం పట్టీ మీద కొట్టుకోవడం చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు విన్నదాన్ని, అది వణుకు కాదు మాట అని తెలియదా. ఏం మాటో తెలియదు, అంతే.

ఆయనకి రేడియోలో పరిచయమైన తమ్ముడిలాంటివాడు ఒకడున్నాడు. నీళ్ళ పంపుల దగ్గర ఉద్యోగం. మనిషి ఎంత పొడుగంటే, యాంటెన్నా కట్టడానికి అతనొస్తే వేరే నిచ్చెన అక్కర్లేదు. అందుకే నిచ్చెన అని పిలుస్తాం. ఫోన్ చేస్తే ఆ ఆదివారమే వచ్చాడు. మోర్స్ మీటని మంచం పట్టీకి బిగించి, దాని తీగని కంప్యూటరుకి కలిపి, మావారి ప్రోగ్రామే పెట్టాడు. మావారు కొట్టారు. తెర మీద వరసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి.

"గీత చుక్కకి మూడు రెట్లుండాలి వదినా. అన్నయ్యది ఒకసారి ఒకటిన్నర, ఒకసారి ఏడు. ఈ ప్రోగ్రాం మహా చాదస్తం, ఒప్పుకోదు."

"ఎవరి పోలిక మరి" అన్నాను.

"నా చెవితో కొంత పట్టగలను. ఉండండి." కళ్ళు మూసుకుని విన్నాడు. "ఫ్యాన్ తగ్గించమంటున్నాడు."

తగ్గించాను. అతను ఇంకో గంట కూర్చున్నాడు. మావారు మీట ముట్టుకోలేదు. అతను వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టారు, నా మొహంలోకి చూస్తూ. ఏదో చెప్పాలి నాకు. మూడో మనిషి ముందు చెప్పనిదేదో. తెర మీద మళ్ళీ ప్రశ్నార్థకాలే. డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పిన సంగతి కూడా నాకు గుర్తుంది. రెండోసారి వస్తే తట్టుకోలేరన్నాడు. అంటే నాకు టైముంది గాని, ఎంతో తెలియదు.

ఆ ప్రోగ్రాం వాడేవాళ్ళు తమ ఇబ్బందులు రాసుకునే పేజీ ఒకటుంది. మధ్యాహ్నం ఆయనకి కునుకు పట్టినప్పుడు అది చదవడం మొదలుపెట్టాను. పదహారేళ్ళ ఫిర్యాదులు. మావారు ఊరందరికీ ఎంత ఓపిగ్గా జవాబులిచ్చారో చూస్తే నాకు కాస్త ఈర్ష్య కూడా కలిగింది. ఆరేళ్ళ వెనక్కి వెళ్ళాక ఒక చోట ఆగిపోయాను.

పిచ్చుక అన్న మారుపేరుతో ఒక అమ్మాయి రాసింది. వాళ్ళ నాన్న ఓడల్లో రేడియో ఆపరేటరు. గొంతుకి ఆపరేషనయి మాట పోయింది, చేతులు వణుకుతాయి. మోర్స్ కొడతాడు గాని ఈ ప్రోగ్రాం చదవడం లేదు. వణికే చేతుల కోసం తనే ఒక ప్యాచ్ రాసింది. ప్యాచ్ అంటే అతుకే, చిరిగిన చోట వేసేది. పదికి నాలుగు అక్షరాలు వస్తున్నాయి, మిగతాది తన వల్ల కావడం లేదు, మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు, కాస్త సాయం చేయండి, అని రాసింది.

కింద మావారి జవాబు: "లోపం ప్రోగ్రాంలో లేదు, చేతిలో ఉంది. సాధన చేయమనండి." ఆ కింద తలుపు మూసేసినట్టు ఒక గీత. ఇక ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేదు.

నేను లేచి వెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గర కాసేపు నిలబడ్డాను.

తర్వాత ఆ అమ్మాయికి ఉత్తరం రాశాను. దాచకుండా రాశాను. ఫలానా ఆయన భార్యని, ఆయనకిలా అయింది, మీ అతుకు ఇంకా ఉందా, అని. రెండు రోజులకి జవాబొచ్చింది.

"మీవారి జవాబు నాకు కంఠతా వచ్చు. అది చూశాక ఇక దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. మా నాన్న ఆ మరుసటి ఏడు పోయారు. అతుకు పంపుతున్నాను. అడగక్కర్లేదండీ, ఎవరి పనైనా ఎవరైనా తీసుకోవచ్చని ఆ ప్రోగ్రాంకి లైసెన్సు పెట్టింది ఆయనేగా."

అది ఆయనకి చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సిందేమో. జబ్బు చేసినప్పటి నుంచీ ఆయన కుడికన్ను ఊరికే కారుతూనే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేశాను. ఆ రోజు ఎడమకన్ను కూడా కారింది.

నిచ్చెన వచ్చి, ఆ అతుకు వరసలన్నీ తెర మీద ఆయనకి చూపించి, వేశాడు. నిజంగానే పదికి నాలుగు వచ్చాయి. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారాయన. ఆ నాలుగూ ఏ నాలుగో కూడా ఏ రోజుకారోజు మారిపోయేవి. అయినా మధ్యాహ్నం నేను అన్నం తినిపించి మంచం పక్కన కూర్చోగానే మీట అందుకునేవారు. కాసేపు కొట్టి, ఆగి, నా వైపు చూసేవారు. నేను తెర వైపు చూసేదాన్ని. సగం అక్షరాలు, సగం ప్రశ్నార్థకాలు. "ఫ్యాన్ తగ్గించాలా?" అనేదాన్ని. కళ్ళు మూసుకునేవారు. సరేనన్నారనుకుని తగ్గించేదాన్ని. కాసేపటికి మళ్ళీ కొట్టేవారు. "పెంచాలా?" అనేదాన్ని. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన నోటి దాకా వచ్చే మాట ఏదో నాకు తెలుసని నా ధీమా. చాలావరకు ఫిర్యాదే అయి ఉంటుందని కూడా నా నమ్మకం.

మూడో ఆదివారం నిచ్చెన రాగానే, మావారు ఎన్నడూ లేనిది అతని చెయ్యి పట్టుకుని మీట దగ్గరికి లాగారు. గంటన్నర కొట్టారు. చెమట పట్టేసింది. అతను వింటూ, తలూపుతూ, పాత కరెంటు బిల్లు వెనక రాసుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, కొత్త పెళ్ళికూతురిలా.

"ఏమంటున్నారు?"

అతను తల గోక్కున్నాడు. "అంకెలు వదినా."

"ఏం అంకెలు?"

"ఆ అమ్మాయి అతుకులో నలభై మూడో వరస తప్పట. అక్కడ వేయాల్సిన అంకెలు చెప్పాడు. చేయి వణుకుతూంటే చుక్క ఎంత సాగుతుందో, గీత ఎంత కుంచించుకుపోతుందో, తన చెయ్యే కొలుచుకుని లెక్కకట్టినట్టున్నాడు. ఇన్నాళ్ళూ పడుకుని ఆయన చేసిన పని ఇదన్నమాట."

"అంతేనా? నాకేమీ చెప్పలేదా?"

"ఆ పిల్లకి పంపమన్నాడు. క్షమించమన్నాడు."

"నాకు?"

"లేదు వదినా."

ఆ అంకెలు అతుకులో ఇరికించడం నాకూ నిచ్చెనకీ రాదు, ఆ సాయంత్రం ఆ అమ్మాయికే పంపాను. క్షమాపణ కూడా పంపాను. పంపి, ఆయన దుప్పటి సర్దుతూ అన్నాను: "మంచం మీద ఉండి కూడా ప్రోగ్రాం బాగుచేసే మగాడు ప్రపంచంలో మీరొక్కరే. నన్ను బాగుచేయడానికి కూడా ఏవైనా అంకెలుంటే చెప్పండి." ఎడమ పక్క పెదవి కొంచెం లేచింది. సోమవారం మధ్యాహ్నం మళ్ళీ మీట అందుకున్నారు. నాకు ఇంకా కోపం పోలేదు. ఫ్యాను సంగతి కూడా అడగకుండా, బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

మంగళవారం తెల్లవారేసరికి రెండోసారి వచ్చింది. గురువారం పోయారు.

ఆ అమ్మాయి ఉత్తరం శుక్రవారమే వచ్చిందట. నేను రెండు వారాల తర్వాత, ఇంటికొచ్చినవాళ్ళందరూ వెళ్ళాక తెరిచాను. "మీవారి అంకెలు వేశాను. మా నాన్న పాత రికార్డింగులు పెట్టి చూశాను. పదికి తొమ్మిదిన్నర వస్తున్నాయి. ఆరేళ్ళకి ఆయన మాటలు చదివాను. అంతా వాతావరణమేనండీ. కిటికీలోంచి కనిపించే మబ్బూ గాలీ ఏ రోజుకారోజు చెప్పేవారు, ఓడలో చెప్పినట్టే. ఆయనకి నా కృతజ్ఞతలు చెప్పండి."

ఆయన ప్రోగ్రాం విన్న ప్రతి టకటకనీ తేదీ వేసి దాచిపెడుతుంది. చాదస్తం అని నిచ్చెన అననే అన్నాడు కదా. ఆ అమ్మాయి పంపినది వేసుకుని, మా ఇంటి రికార్డింగులు ఒక్కొక్కటే తెరిచాను. పద్దెనిమిది మధ్యాహ్నాలు.

మొదటిదానిలో "వినిపిస్తోందా" అని ఉంది. ఆ తర్వాత రెండు నిమిషాలు ఏమీ లేదు. మళ్ళీ "వినిపిస్తోందా". మళ్ళీ ఖాళీ.

రెండోదానిలో "వినిపిస్తోందా". మూడోదానిలో అదే. ఆ ఖాళీల్లో ఏముందో నాకు తెలుసు. ఫ్యాన్ తగ్గించాలా అన్న నా గొంతుంది. రికార్డింగులో పడలేదు, అంతే. పద్దెనిమిదీ చదివాను. చివరి సోమవారం, నేను బట్టలు మడతపెట్టుకున్న రోజు, నాలుగుసార్లు అడిగారు. నేను ఊఁ అనేదాకా రెండో మాట లేదు. ఏ ఒక్క రోజూ లేదు. తర్వాత చెప్పదలుచుకున్నదేదో ఎక్కడా కొట్టనే లేదు, చదవడానికి.

నలభై మూడో వరస ఎందుకు బాగుచేశారో అప్పుడు తెలిసింది. నిచ్చెన చెవితో కాకుండా నాకే వినిపించాలని.

నిచ్చెనకి ఫోన్ చేశాను. "వినిపించింది అని చెప్పడానికి మీవాళ్ళు ఏం కొడతారు?"

పంపుల చప్పుడుకి దూరంగా జరిగి చెప్పాడు. "ఒకటే అక్షరం వదినా. చుక్క, గీత, చుక్క."

మీట ఇంకా మంచం పట్టీకే బిగించి ఉంది. పరుపు తీసేశాం గాని దాన్ని ఎవరూ విప్పలేదు. నేల మీద కూర్చుని కొట్టాను. చుక్క ఎక్కువసేపు పట్టుకున్నాను, గీత తొందరగా వదిలేశాను, చెయ్యి వణికింది. పాత ప్రోగ్రాం అయితే నన్ను సాధన చేయమనేది. ఇది ఏమీ అనకుండా తెర మీద ఆ ఒక్క అక్షరం వేసింది.

తర్వాత, మీట మీద నుంచి చెయ్యి తీయకుండా రెండు నిమిషాలు ఆగాను.