ఇసుక తిన్నె మీద ఇచ్చిన మాట

ఆ పొద్దు హీర్యా జీపులో డ్రైవరు సీటు కింద ఒక పొట్లం పెట్టుకున్నాడు. అందులో పావుకిలో బెల్లం, చిన్న సీసాడు నెయ్యి ఉన్నాయి. సేటు భార్య జానకమ్మ దుకాణంలోంచి తీసి తనే కట్టి ఇచ్చింది. "మీ దేవునికి పెట్టుకో హీర్యా" అన్నది.

జనగామలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే రాజలింగం దగ్గర హీర్యా పదిహేడేండ్లుగా డ్రైవరు. అంతకుముందు ఆ జీపు అటవీ శాఖది. అక్కడ కూడా దాన్ని దినకూలీ మీద నడిపింది హీర్యానే. వేలంలో రాజలింగం జీపును పాడుకున్నాడు. "బండితోని నన్ను గూడ పాడుకున్నడు" అని హీర్యా నవ్వుతూ చెప్పేవాడు. డీజిల్ బండి. ముందు చక్రాలకు నడిమధ్య ఉన్న బిళ్ళను చేత్తో తిప్పి, లోపల చిన్న గేరు వెనక్కి గుంజితే నాలుగు చక్రాలూ లాగుతాయి. సెల్ఫ్ మాత్రం పాడైంది. అందుకని ఆపినప్పుడల్లా హీర్యా దాన్ని ఏటవాలుగా నిలిపేవాడు. దొర్లిస్తే స్టార్ట్ అయ్యేది.

సేటు కొత్త కారు కొన్నాక జీపు గోదాము వెనక పడి ఉంది. వారం కింద రాజలింగం హీర్యాను పిలిచాడు.

"మా ఉమేష్ దోస్తుతోని గోదారి దిక్కు తిరిగొస్తడంట. పిలగాన్ని తీస్కపోయి మంచిగ తీస్కరా. తెల్లారి బండిని నీ తండాకు తోలుకపో. ఇగ అది నీదే."

హీర్యా తండా కొత్తగూడ అడవిలో ఉంది. రోడ్డుకూ తండాకూ నడుమ రెండు వాగులు. కిందటేడు శ్రావణంలో కోడలు సోనికి నొప్పులొస్తే మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోశారు. రెండో వాగు దగ్గర నీళ్ళు తగ్గేదాకా నాలుగు గంటలు ఆగారు. బిడ్డ అక్కడే పుట్టింది, అక్కడే పోయింది. ఇప్పుడు సోనికి మళ్ళీ మూడో నెల. లెక్కేస్తే కాన్పు ఆగస్టులో, వాగులు నిండే రోజుల్లో. వాటిని దాటగలిగిన బండి ఆ జీపు ఒక్కటే. ఆ సంగతి హీర్యాకు తెలుసు, భార్య గంగికి తెలుసు, తండా మొత్తానికీ తెలుసు. జీపు వస్తుందన్న కబురు అందగానే గంగి ఇంటి ముందు దడి విప్పి, ముళ్ళకంప పక్కకు లాగి, బండి పట్టేంత జాగా చేసింది.

అది 2011 ఫిబ్రవరి. తెలంగాణ కోసం రెండు రోజుల బంద్ నడుస్తున్నది. హైదరాబాదులో సేటు కొడుకు ఉమేష్ చదివే ఇంజనీరింగ్ కాలేజీ మూతపడింది. ఎడారిలో జీపులు తిన్నెలెక్కి దిగే వీడియోలు చూసి చూసి అతనికి అదే ధ్యాస పట్టుకుంది.

"మనకు ఎడారి లేదు. గోదారిల ఇసుక ఉన్నది. చాలదా?" అన్నాడు.

బంద్ రోజునే ఎంచుకున్నది రోడ్లు ఖాళీగా ఉంటాయని. నర్మెట్ట నుంచి దోస్తు కల్యాణ్ కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. జీపు ముందు బంపరుకు గులాబీ జెండా కట్టారు. తెల్లవారకముందే జనగామ దాటారు. పరకాలలో ఆపితే ముగ్గురూ "జై తెలంగాణ" అన్నారు, దారి ఇచ్చారు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. వాళ్ళు హీర్యాను దింపి, రెండు ముద్దలు తినిపించి పంపారు. హీర్యా కూడా నిరుడు కొత్తగూడలో వారం రోజులు దీక్షా శిబిరంలో కూర్చున్నవాడే.

గోదావరి ఒడ్డున ఊరి ముందు బంద్ శిబిరం, దారికి ఎడ్లబండి అడ్డం పెట్టి ఉంది. దానికి ముందే ఉమేష్ జీపు ఆపించాడు.

"కల్యాణ్, నువ్వు ఎనుక పండుకో. దుప్పటి కప్పుకో. హీర్యా, కామెర్లు అయినయి, ఏరు అవుతల పసరు పోయించనీకి తీస్కపోతున్నమని చెప్పు."

"అబద్ధమెందుకు చిన్న సేటు? జెండా ఉన్నది గద, అడుగుదాం."

"ఇసుకల తిరగనీకి వచ్చినమని చెప్తవా? నేను చెప్తె నమ్మరు. నువ్వు తండా మనిషివి, నువ్వు చెప్తె నమ్ముతరు."

శిబిరంలోంచి లేచి వచ్చిన మనిషి పేరు గట్టయ్య. ఆ ఊళ్ళో బంద్ నడిపిస్తున్నది అతనే. ట్రాక్టరు ఉన్న రైతు. హీర్యా చెప్పింది విని, దుప్పటి కింద ఉన్న కల్యాణ్ కాళ్ళ వైపు చూశాడు.

"కామెర్లా? నా తమ్ముడు గదే రోగంతోని పోయిండన్నా. ఆలస్యం చేసినం." ఎడ్లబండిని తనే పక్కకు నెట్టాడు. "ఏరు దాటనీకి ఎగువకు పోతె రేవున్నది, పడవోడు ఉంటడు. నీళ్ళ అంచుకు మాత్రం బండి తేకుండ్రి. పైకి గట్టిగనే కనవడ్తది, కింద ఊబి." లోపలికి వెళ్ళి రెండు నిమ్మకాయలు తెచ్చి హీర్యా చేతిలో పెట్టాడు. "పిలగానికి పిండి తాపు."

జీపు మలుపు తిరిగాక కల్యాణ్ దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. ఉమేష్ ఎంత నవ్వాడంటే దగ్గు వచ్చింది. ఆ నిమ్మకాయలు ఇసుకలో తాగడానికి తెచ్చుకున్న మందు సీసాలోకి పనికొచ్చాయి.

గోదావరి అక్కడ మైలున్నర వెడల్పు. నీళ్ళు అవతలి ఒడ్డు వైపు పాయగా పారుతున్నాయి, మిగిలిందంతా ఇసుక. నడుమ సగం తాటిచెట్టు ఎత్తున తిన్నె. హీర్యా దిగి అగ్గిపుల్లతో నాలుగు టైర్లలో గాలి సగం తీశాడు. ముందు చక్రాల బిళ్ళలు తిప్పాడు. చిన్న గేరు గుంజాడు. రెండో గేరులో, పాదం ఎత్తకుండా, స్టీరింగు గట్టిగా పట్టకుండా పోనిచ్చాడు. ఇసుకలో బండిని బలవంతం చేయొద్దని, ఎద్దును తోలినట్టు దాని దారిన దాన్ని పోనివ్వాలని అతను అటవీ శాఖలో నేర్చుకున్నాడు. మొదటిసారి తిన్నె సగం ఎక్కి ఆగింది. వచ్చిన గాడిలోనే వెనక్కి దించాడు. రెండోసారి పైకెక్కింది.

ఉమేష్ బానెట్ మీద నిలబడి కేకేశాడు. కల్యాణ్ కెమెరా తిప్పాడు.

హీర్యా జీపును నీళ్ళ వైపు ఏటవాలుగా నిలిపి ఇంజన్ ఆపాడు. ఉమేష్ దిగి వచ్చి అతని భుజం చరిచాడు.

"హీర్యా, రేపటి దాక ఎందుకు? గిప్పుడే ఇస్తున్న. బండి నీదే. ఏదో పూజ చేస్తరంట గద మీరు? చెయ్, కల్యాణ్ తీస్తడు."

"తండాల పెట్టుకుంట చిన్న సేటు."

"నేను గిక్కడ ఇస్తున్న, నువ్వు గక్కడ తీసుకుంటవా? అయితె ఇయ్య పో."

హీర్యా జెండా వైపు చూశాడు, తిన్నె కిందికి చూశాడు. సేటు రేపు మాట మార్చవచ్చు. జానకమ్మ వద్దనవచ్చు. నిప్పుల మీద బెల్లం, నెయ్యి వేసి పెట్టే భోగ్ ముందు ఇచ్చిన మాటకు నిప్పు సాక్షి. ఆ తర్వాత ఎవరూ వెనక్కి తీసుకోలేరు. తండ్రి అతనికి నేర్పిన పద్ధతి అది. ఎద్దయినా, బండయినా చేతికొచ్చేటప్పుడు తమ దేవుడు సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టాలి. అది అయ్యేదాకా ఆ వస్తువును ముట్టకూడదు, ఇచ్చేవాని చేతిలోనే ఉండాలి. నెయ్యి మండుతుండగా లేవకూడదు. లేస్తే ఇచ్చింది చెల్లదు.

అతను తాళం తీసి ఉమేష్ చేతిలో పెట్టాడు.

"భోగ్ అయినంక నా చేతుల పెట్టుండ్రి."

ఏటికి కొట్టుకొచ్చిన కట్టెపుల్లలు ఏరి, జీపుకు పది గజాల దూరంలో నిప్పు చేశాడు. చెప్పులు విడిచి, తలకు తువ్వాల చుట్టుకున్నాడు. నిప్పుల మీద బెల్లం పెట్టి నెయ్యి పోశాడు. మంట లేచింది. కండ్లు మూసుకుని సోని పేరు చెప్పాడు.

"ఇచ్చిన హీర్యా, దేవుని ముంగటనే ఇచ్చిన" అన్నాడు ఉమేష్. తర్వాత జీపు తలుపు చప్పుడైంది. "నీకిచ్చే ముందు ఒక్క రౌండు."

జీపు ఏటవాలుకు దొర్లింది, ఇంజన్ అందుకుంది. హీర్యా కండ్లు తెరిచాడు. మంట ఇంకా మండుతున్నది.

"నీళ్ళ దిక్కు పోకు! చిన్న సేటూ! నీళ్ళ దిక్కు పోకు!"

కూర్చునే అరిచాడు. లేవలేదు. సీసాలో మిగిలిన నెయ్యి కూడా పోసేశాడు, త్వరగా కాలిపోవాలని. దానికి మంట ఇంకా పెరిగింది. కింద జీపు నీళ్ళ అంచు వెంబడి పరుగెత్తుతున్నది, నీళ్ళు రెండు వైపులా లేస్తున్నాయి, కల్యాణ్ వెంట ఉరుకుతూ తీస్తున్నాడు. ఉమేష్ స్టీరింగు ఒక్కసారి తిప్పాడు. జీపు ఆగింది. యాక్సిలరేటరు తొక్కాడు. చక్రాలు తిరిగాయి, బండి కదల్లేదు. ఇంకా తొక్కాడు.

నెయ్యి కాలడం అయ్యాక హీర్యా ఉరికాడు. అప్పటికి ఇరుసులు ఇసుకలో ఉన్నాయి.

"తొక్కకు, తొక్కకు!"

చేతులతో తవ్వాడు. దుప్పటి చక్రాల కింద వేశాడు, తువ్వాల వేశాడు. తవ్విన చోట నీళ్ళు ఊరి మళ్ళీ ఇసుక నిండింది. కల్యాణ్ కెమెరా సంచిలో పెట్టి కాసేపు నెట్టాడు, బూట్లలో నీళ్ళు పోయాయని ఆపాడు. ఇంజన్ ఆగిపోయింది. సెల్ఫ్ రెండుసార్లు మూలిగి ఊరుకుంది.

ఉమేష్ దిగి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తాళం తెచ్చి హీర్యా చేతిలో పెట్టాడు.

"ఇగో. భోగ్ అయింది గద. మాట తప్పేటోళ్ళం గాదు."

"చిన్న సేటు, గిట్లనా ఇచ్చుడు?"

"ఎట్లిచ్చిన? నీ దేవుని ముంగట ఇచ్చిన. కెమెరాల గూడ ఉన్నది. నీ బండి, నువ్వు తీసుకుంటవో ఉంచుకుంటవో."

"ఇగ డీజిల్ ఖర్చు ఉండది, కాకా" అన్నాడు కల్యాణ్.

కల్యాణ్ ఎవరికో ఫోన్ చేశాడు. గంటలో రెండు మోటరు సైకిళ్ళు ఒడ్డుకు వచ్చాయి. ఉమేష్, కల్యాణ్ వాటి మీద వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ ఆ శిబిరం ముందు నుంచే వెళ్ళారు.

హీర్యా ఊళ్ళోకి వచ్చేసరికి గట్టయ్య శిబిరం ముందు నిలబడి ఉన్నాడు.

"పేషెంటుకు నయమైనట్టున్నది. మోటరు సైకిల్ ఎక్కి పోతుండు" అన్నాడు.

హీర్యా కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగాడు.

"అన్నా, తప్పయింది. బండి ఊబిల పడ్డది. ఒక్కసారి ట్రాక్టరు తియ్యే. అర్ధగంట పని."

"బంద్ల ట్రాక్టరు తియ్య."

"నేను గూడ తెలంగాణోన్నే అన్నా. దీక్షల కూసున్నోన్ని."

"తెలంగాణోనివి గనుకనే చెప్తున్న. రేపు సాయంత్రం ఆరింటికి బంద్ అయిపోతది. ఆరు దాటినంక వస్త. నా తమ్ముని రోగం పేరు చెప్పి పోయినవు నువ్వు. అయినా వస్త. ఆరు దాటినంక."

శిబిరంలో ఉన్నవాళ్ళు హీర్యాకు అన్నం పెట్టారు. ట్రాక్టరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం అతను సేటుకు ఫోన్ చేశాడు.

"మా ఉమేష్ బయలెల్లిండంట గద?" అని అడిగాడు రాజలింగం.

"బయలెల్లిండు సేటు. బండి ఊబిల పడ్డది. మీరు ఎవరికన్న జర చెప్పుండ్రి, ట్రాక్టరు..."

"బంద్ల ఎవరు వింటరు? నేనే దుకాణం తెరవలే. అయినా బండి నీకిచ్చిండంట గద పిలగాడు."

"ఇచ్చిండు."

"మరింకేంది? మంచిగనే అయింది."

"ఎల్లుండి పనికొస్త సేటు."

"కారు ఉమేష్ నడుపుతడు. బండి నీకిచ్చినంక నాకు డ్రైవరు ఎందుకు హీర్యా?"

మరునాడు హీర్యా పొద్దంతా తవ్వాడు. ఊరి పిల్లలు తిన్నె మీద కూర్చుని చూశారు. ఎగువన వదిలారేమో, నీళ్ళు పగలు ఒక జానెడు పెరిగాయి; తవ్వినకొద్దీ జీపు ఊబిలో ఇంకా దిగింది. మధ్యాహ్నానికి సీట్లు మునిగాయి. సాయంత్రానికి స్టీరింగు పైభాగం కనిపిస్తున్నది.

ఆరు దాటి పది నిమిషాలకు గట్టయ్య ట్రాక్టరు తెచ్చాడు, ఇనుప తాడు తెచ్చాడు, నలుగురు మనుషుల్ని తెచ్చాడు. హీర్యా నీళ్ళలో మునిగి ముందు కొక్కేనికి తాడు కట్టాడు. ట్రాక్టరు గుంజింది. బంపరు ఊడి వచ్చింది, జెండాతో సహా. రెండోసారి చాసిస్‌కు కట్టారు. ట్రాక్టరు వెనక చక్రాలు దిగబడ్డాయి. గట్టయ్య ఆపేశాడు.

"ఇగ గుంజితె నాది గూడ పోతది. నిన్న అయితె వచ్చేది."

హీర్యా అతని ముఖంలోకి చూశాడు.

"నిన్న బంద్" అన్నాడు గట్టయ్య. తాడు విప్పుకుని, చుట్ట చుట్టుకుని, ట్రాక్టరు తిప్పుకుని పోయాడు.

జెండాను అతని మనుషుల్లో ఒకడు విప్పి పిండి, ఆరబెడతానని తీసుకుపోయాడు. బంపరు ఇసుకలో ఉంది.

ఒడ్డెక్కాక హీర్యా ఫోన్ మోగింది. గంగి. తమ భాషలో అడిగింది.

"బండి చేతికొచ్చిందా?"

"వచ్చింది."

"భోగ్ పెట్టినవా?"

"పెట్టిన."

"కంప తీసి పెట్టినం. సోని పొద్దటిసంది బాట దిక్కే చూస్తున్నది. పసులు లోపటికొచ్చి తొక్కుతున్నయి, కట్టెతోని కొట్టుకుంట కూసున్నం. ఎప్పుడొస్తవు?"

హీర్యా చేతిలో తాళం ఉంది. దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"కంప మళ్ళ అడ్డం పెట్టుండ్రి" అన్నాడు.